అప్పీలు అంటే మళ్లీ మొదటికి రావడం కాదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్న ఒక్క సెలవు రోజు వదులుకుని వచ్చారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను. మనవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "లేబర్ ఆఫీసులో ఓడిపోతే ఏముందన్నా, పైకోర్టుకు పోదాం, అక్కడ అన్నీ చెప్పుకుందాం." ఇందులో సగమే నిజం. పైకి పోవచ్చు. అక్కడ అన్నీ చెప్పుకోవడం మాత్రం కుదరదు.

ముందు దారి చూద్దాం. జీతం, ఓటీ, అక్రమ కోతల గురించి ఫిర్యాదు చేయాల్సింది లేబర్ ఆఫీసులో. ఇక్కడివాళ్లు జేటీకే అంటారు. 1955 ఎంప్లాయ్‌మెంట్ చట్టం 69వ సెక్షన్ కింద అక్కడి ఆఫీసరే విచారణ చేసి ఉత్తర్వు ఇస్తారు. దాన్నే మనం లేబర్ కోర్టు అంటున్నాం. ఆ ఉత్తర్వు మీద 77వ సెక్షన్ కింద హైకోర్టుకు అప్పీలు ఉంది. గడువు 14 రోజులే.

పనిలోంచి అన్యాయంగా తీసేస్తే దారి వేరు. 1967 ఇండస్ట్రియల్ రిలేషన్స్ చట్టం కింద, తీసేసిన 60 రోజుల్లోపు ఇండస్ట్రియల్ రిలేషన్స్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. అక్కడ రాజీ కుదరకపోతే కేసు ఇండస్ట్రియల్ కోర్టుకు పోతుంది. 2021 నుంచి ఆ కోర్టు తీర్పు మీద కూడా హైకోర్టుకు అప్పీలు వేసుకోవచ్చు. తీర్పు చేతికందాక 14 రోజులు. సబా, సరవాక్‌లో పనిచేసేవాళ్లకు జీతాల చట్టం వేరే ఉంది. వాళ్లు అక్కడి లేబర్ ఆఫీసులోనే కనుక్కోవాలి.

ఇప్పుడు అసలు మాట. హైకోర్టు జడ్జి మామూలుగా మిమ్మల్ని మళ్లీ నిలబెట్టి ప్రశ్నలు వేయరు, సాక్షుల్ని మళ్లీ పిలవరు. కింద ఆఫీసర్ రాసుకున్న వాంగ్మూలాలు, తీసుకున్న కాగితాలు, ఇచ్చిన ఉత్తర్వు ముందు పెట్టుకుని చదువుతారు. చట్టాన్ని తప్పుగా అన్వయించారా? ఉన్న సాక్ష్యాన్ని వదిలేశారా? ఒక పక్షం మాట వినకుండానే తేల్చేశారా? ఇవీ ఆయన చూసేవి. ఎవరి మాట నమ్మాలన్న దగ్గర, మనిషిని ఎదురుగా చూసిన ఆఫీసర్ అభిప్రాయాన్ని తేలిగ్గా మార్చరు.

మనవాడొకడు, పేరు వద్దు, రోజూ ఎన్ని గంటలు చేశాడో నోటుబుక్కులో రాసుకున్నాడు. ఓటీ డబ్బుల విచారణ రోజు ఆ బుక్కు రూములో పెట్టెలో ఉంది. అక్కడున్న దుబాసీది తమిళం. రుజువు ఉందా అని అడిగితే, సరిగా అర్థంకాక తల అడ్డంగా ఊపాడు. ఓడిపోయాక బుక్కు పట్టుకుని లాయరు దగ్గరికి పోయాడు. "ఆ రోజు ఇది ఎక్కడుంది?" అన్నాడు లాయరు. "రూములోనే ఉంది సార్." "మరి కొత్త సాక్ష్యం ఎలా అవుతుంది?" అంతే. అప్పుడు ఎంత ప్రయత్నించినా దొరకని సాక్ష్యమైతేనే పైకోర్టు ఆలోచిస్తుంది. అదీ అరుదు.

అదే బుక్కు ఆ రోజు ఆఫీసర్ చేతికిచ్చి ఉంటే? ఆయన దాన్ని పట్టించుకోకుండా ఉత్తర్వు ఇచ్చి ఉంటే? అప్పుడది అప్పీలుకు గట్టి కారణం అయ్యేది. బుక్కు అదే, గంటలు అవే. రికార్డులోకి ఎక్కలేదు, అంతే తేడా.

కాబట్టి మొదటి విచారణే ఆఖరిది అనుకుని పోండి. పేస్లిప్పులు, కాంట్రాక్టు, బ్యాంకు కాగితాలు, సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజీలు ప్రింటు తీసి ఇవ్వండి. ఏమేమి ఇచ్చారో జాబితా రాసి ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. తమిళం కొంచెం వచ్చు కదా అని తల ఊపకండి. అర్థం కాలేదని, తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఆ అడిగిన సంగతి కూడా రాసుకోమనండి. ఉత్తర్వు నకలు తీసుకోండి. ఆ రోజు తేదీకి క్యాలెండర్ మీద గుర్తు పెట్టి, ఆ వారంలోనే లాయరునో, యూనియన్‌నో, మన ఫోరంనో కలవండి.

ఇంకో కష్టం అందరికీ తెలిసిందే. కేసు నడుస్తుండగా పర్మిట్ రద్దయితే ఇమిగ్రేషన్‌లో స్పెషల్ పాస్ అడగాలి. దాంతో ఇక్కడ ఉండొచ్చు గానీ పని చేయకూడదు. తిండికి, అద్దెకు ఇబ్బందై చాలామంది కేసు వదిలేసి ఊరికి పోతున్నారు. పోక తప్పదంటే లాయరుకు రాతపూర్వకంగా అధికారం ఇచ్చి, కాగితాలన్నీ అప్పగించి, ఊళ్లో పనిచేసే ఫోన్ నంబరు ఇచ్చి పోండి. చెప్పాపెట్టకుండా విమానం ఎక్కితే గెలిచే కేసు కూడా పోతుంది.

యజమాని కూడా అప్పీలుకు పోవచ్చు. భయపడకండి. ఆయనకూ రికార్డు అదే. హైకోర్టు పైన కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఉంది. ఎంత పైకి పోయినా, ముందు తిరగేసేది మీరు మొదటి రోజు ఇచ్చిన ఆ కాగితాలనే.

ఇవాళ రూముకు పోగానే పెట్టె తెరిచి, మీ కాగితాలు ఒక కవర్లో పెట్టండి. కేసు లేకపోయినా సరే.