హెడర్ పైపు స్టీరింగ్‌కి తగులుతోందా? సుత్తి తీసే ముందు ఇది చూడండి

నా వెనక కనిపిస్తున్న ఎర్ర బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్. డాలస్‌లో ఉండే ఒక అన్నది. ఇంజిన్ 289 క్యూబిక్ అంగుళాల వీ8, మన లెక్కలో 4.7 లీటర్లు. పాత ఇనుప మానిఫోల్డులు తీసేసి హెడర్లు వేద్దామని మొదలుపెట్టాం. హెడర్ అంటే సిలిండర్‌కి ఒక పైపు చొప్పున విడిగా వచ్చి, కింద అన్నీ కలుస్తాయి. పొగ తేలిగ్గా బయటికి పోతుంది.

ఇబ్బందల్లా చోటుతోనే. ఈ బండి బానెట్ కింద ఇంజిన్‌కి రెండు పక్కలా షాక్ టవర్లు గోడల్లా ఉంటాయి. ఎడమ పక్క స్టీరింగ్ బాక్స్, కుడి పక్క స్టార్టర్. మిగిలిన సందులోంచే నాలుగేసి పైపులు దిగాలి.

కుడివైపు పెద్దగా ఏడిపించలేదు. పాత స్టార్టర్ లావుగా ఉందని, చిన్న గేర్ రిడక్షన్ స్టార్టర్ వేశాం.

ఎడమవైపే అసలు కథ. బోల్టులు వదులుగా పెట్టి స్టీరింగ్ తిప్పితే, చివరిదాకా వెళ్లకముందే టక్కున ఆగింది. పైపు స్టీరింగ్ లింక్‌కి తగులుతోంది. రోడ్డు మీద మలుపులో ఇలా ఆగితే? "రెండు దెబ్బలేసి పైపు నొక్కేద్దాం తమ్ముడూ" అన్నాడు అన్న. నిజం చెప్పాలంటే నేనూ సుత్తి తీశాను.

కానీ కోడ్ రాసే రోజుల అలవాటు ఒకటుంది: ఎర్రర్ కనిపించిన లైన్‌లోనే బగ్ ఉండాలని లేదు. ఇంజిన్ బ్లాక్ మీద రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండే చోటు నుంచి ఫ్రేమ్ దాకా కొలిచాం. ఎడమ పక్క 9 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది! మోటార్ మౌంట్ రబ్బరు నలిగి అణిగిపోయింది. హెడర్ తప్పేం లేదు పాపం, ఇంజినే ఒరిగిపోయింది. ఆ రోజు పైపు నొక్కేసి ఉంటే, తర్వాత మౌంట్ మార్చినప్పుడు ఆ సొట్ట ఉత్త పుణ్యానికి మిగిలిపోయేది.

హాయిస్ట్‌తో ఇంజిన్ కాస్త లేపి రెండు మౌంట్లూ మార్చాం. ఒక్కటే మారిస్తే మళ్లీ ఒరుగుతుంది. తర్వాత ముందు చక్రాల దగ్గర లోయర్ కంట్రోల్ ఆర్మ్‌ల కింద స్టాండ్లు పెట్టాం. బండి బరువు సస్పెన్షన్ మీదే ఉంటుంది, చక్రాలు మాత్రం తిరుగుతాయి. పైపుకి, లింక్‌కి మధ్య పిల్లలు ఆడుకునే క్లే ముద్ద అంటించి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాం. నలిగిన క్లే మందం ఎంతో, అక్కడ ఖాళీ అంత. నేను పెట్టుకున్న హద్దు 10 మిల్లీమీటర్లు. ఒక్క వంపు దగ్గర మాత్రం 5 వచ్చింది. అప్పుడు హెడర్ బయటికి తీసి, ఆ చోటు ఎర్రగా కాల్చి, గుండ్రటి రాడ్‌తో చిన్న సొట్ట వేశాం. అవును, సుత్తి వాడాం. కాకపోతే ఎక్కడ కొట్టాలో తెలిశాక.

ఇంకొకటి. ఇంజిన్ కదలకుండా కూర్చోదు. యాక్సిలరేటర్ తొక్కితే ఈ వీ8 ఎడమ పక్క పైకి లేస్తుంది, కుడి పక్క కిందికి నొక్కుకుంటుంది. అందుకే బాగానే ఉందనుకున్న కుడివైపు మళ్లీ చూశాం. స్టార్టర్ కేబుల్ పైపుకి వేలెడు దూరంలో ఉంది! ఆ తొడుగు కరిగితే నేరుగా షార్టే. కేబుల్‌ని బ్లాక్ వైపు లాగి, క్లిప్ వేసి, వేడి తట్టుకునే స్లీవ్ తొడిగాం.

నిన్న పార్కింగ్‌లో అన్న స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పాడు. ఎక్కడా తగల్లేదు. కొత్త గాస్కెట్లు వేడికి అణుగుతాయి కాబట్టి, నాలుగు రోజులు తిరిగాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడర్ బోల్టులు మళ్లీ బిగించాలి. ఆ రోజు కెమెరా తెస్తా. బై!