కోలకు కోల – ఊరికొక కోపు

(కంబదూరు గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



సమాచార శాఖవారు ఊరికి వచ్చిరనగానే విత్తనములను గూర్చియో, రుణములను గూర్చియో, సేద్యపు కుంటలను గూర్చియో చెప్పుదురని మీరు తలంచుట సహజము. ఆ విషయములకు వేరు దినములు కలవు. ఈ సాయంకాలము మేము కోలాటమును, చెక్కభజనను గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇది పొద్దుపోవుటకు చెప్పు మాట కాదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లాలో, పంట చేతికి రాని యేడు కూడ ఊరివారిని ఒక్కచోట నిలువబెట్టిన ఏర్పాటులు కొలదిగా నున్నవి. భజన కూటమి వానిలో నొకటి. అది నేడు రెండు చిక్కులలో పడియున్నది. మొదటిది జత దొరకకపోవుట. రెండవది, జత దొరికినను అడుగు కలియకపోవుట. రెండవ చిక్కును విప్పినచో మొదటిది కూడ చాలవరకు సడలునని మా నమ్మకము.

జత యనగా నేమి?

మన సీమలో పిల్లలు ఆటకు దిగునపుడు ముందుగా ఉద్దులు పట్టుకొందురు. ఉద్ది యనగా సమానుడు, సరిజోడు. కోలాటమునకు కూడ ఉద్దియే మూలము. ఆటగాండ్రు సరిసంఖ్యలో నుండవలెను. ఎనిమిది జతలున్న కూటము ముచ్చటగా నుండును. జంట కోలాటములో వారు లోపలి వలయము, వెలుపలి వలయముగా నిలుతురు. లోపలివారిని ఉల్‌జట్టు, వెలుపలివారిని వెల్‌జట్టు అందురు. గురువు పాట నెత్తుకొని, తాళమువేసి, కోపు మార్చునపుడు కేక వేయును. కోపు యనగా అడుగు, దెబ్బ, తిరుగుడు కలిసిన ఒక వరుస. ఒకే వరుసను ఆసాంతము ఆడినచో చూచువారికి విసుగు పుట్టును. కనుకనే గురువు దగ్గర నున్న కోపుల సంఖ్యనుబట్టి ఆయన పేరు నిలుచును.

పాశ్చాత్య దేశములలోని జంట నృత్యములలో ఇద్దరును చేతులు పట్టుకొని, ఒకరు నడిపింప మరియొకరు నడుతురు. మన కోలాటములో చేయి చేతికి తగులదు. కోలకు కోల తగులును. నడిపించువాడు, నడచువాడు అను భేదము జతలో లేదు. ఇద్దరును ఒకే తాళమునకు లోబడుదురు. కోల ఒక్క రెప్పపాటు ముందు పడినను, వెనుక పడినను ఆ చప్పుడు ఊరందరికి తెలియును. తన తప్పును దాచుకొనుటకు వీలులేని ఆట యిది. ఎదుటివాని తప్పును సవరించి ఆదుకొనుటకు వీలున్న ఆట కూడ ఇదియే.

చెక్కభజనలో జత తీరు వేరు. అచట రెండు చేతులలోను చెక్కలుండును. వానికి లోహపు బిళ్ళలు గలగలలాడుచుండును. ఎవరి చప్పుడు వారి చేతిలోనే పుట్టుచున్నది కనుక ఎదుటివాని కోలకై వేచియుండు పని లేదు. ఆటగాండ్రు ఎదురెదురు వరుసలుగానో, వలయముగానో నిలిచి, కంటితోను కాలితోను జత కలుపుకొందురు. కోలాటమున ఉద్దిని చెవితో పట్టుకొనవలెను. చెక్కభజనలో చూపుతో పట్టుకొనవలెను.

ప్రాంతమునుబట్టి తీరు

ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరు ఎట్లు ఏర్పడినదో గమనింపుడు. రాయలసీమలో పురుషులు పంచె ఎగగట్టి, గజ్జెలు కట్టి ఆడుట పూర్వమునుండి వాడుక. కావున ఎగురుట, మోకాలు వంచి కూర్చుండి లేచుట, గిరుక్కున తిరుగుట మన చెక్కభజనలో మెండు. పాట మెల్లగా మొదలయి, చరణము చరణమునకు వడి హెచ్చి, తుదకు చెక్కల చప్పుడు తప్ప మాట వినబడని స్థితికి వచ్చును.

కృష్ణా, గోదావరీ తీరముల గ్రామములలో నేడు స్త్రీల కోలాట బృందములు విరివిగా నున్నవి. చీరకట్టుతో ఆడునపుడు ఎగురుటకంటె వంగి లేచుట, నడుము త్రిప్పుట, వలయమునుండి వలయమునకు అల్లికగా సాగిపోవుట అందమగును. తెలంగాణములో బతుకమ్మ దినములందు స్త్రీలు పూల చుట్టు వలయముగా తిరుగుచు చప్పట్లు కొట్టుదురు. ఆ సందడిలోనే కోలలు పట్టి ఆడుట కూడ కలదు. విశాఖ మన్యములో, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు ప్రాంతమున, గిరిజన స్త్రీలు ధింసా ఆడునపుడు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవైచుకొని గొలుసువలె సాగుదురు. అచట జత ఎదుట నుండదు, ప్రక్కన నుండును. కుడివైపు మనిషి అడుగు తడబడినచో ఎడమవైపు మనిషికి తెలియును.

పొరుగు రాష్ట్రములను చూతము. గుజరాతు దాండియా రాసములో రెండు వరుసలు ఎదురెదురుగా నిలిచి, కోల తగిలించిన పిదప ఒక్కొక్కరు ముందుకు జరిగి క్రొత్త జతను కలిసికొందురు. కేరళములో కోల్‌కళి పేర పురుషులు వలయముగా ఆడుదురు. తమిళ దేశమున పిన్నల్ కోలాట్టమని, మనవారు జడ కోలాటమని పిలుచు ఆటలో పైనుండి వ్రేలాడు రంగుల త్రాళ్ళను ఒక చేత పట్టి, ఆడుచు ఆడుచు జడగా అల్లి, అదే లెక్కను వెనుకకు త్రిప్పి ఆ జడను విప్పుదురు. ఇంగ్లాండు పల్లెలలో వసంతకాలమున పాతిన స్తంభము చుట్టు పట్టీలతో ఇట్టి అల్లికయే అల్లుదురు. జడ అల్లుట కంటె విప్పుట కష్టము. ఒక్క జత లెక్క తప్పినను ముడి పడును.

ఇన్ని తీరులను ఒకేచోట చూడవలెనన్నచో తిరుమల బ్రహ్మోత్సవములకు పోవలెను. వాహనము ముందు తెలుగు, కన్నడ, తమిళ బృందములు ఒకదాని వెనుక నొకటి ఆడుచు సాగును. చేతిలోని కోల ఒక్కటే. తాళము, తిరుగుడు మాత్రము వేరు వేరు. వానిలో ఏది గొప్పయని ఎవరును తీర్పు చెప్పబోరు.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు

క్రీస్తుశకము 13వ శతాబ్దములో కాకతి గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని నృత్తరత్నావళి యను గ్రంథమును సంస్కృతమున రచించెను. అందులో 8 అధ్యాయములు కలవు. మొదటి నాలుగు శాస్త్రమార్గమును, తరువాతి నాలుగు దేశి నృత్తములను చెప్పును. ఆ దేశి నృత్తములలో కోలలు పట్టి ఆడు దండరాసకము చేరియున్నది. రాజసభలో శాస్త్రము నెరిగిన సేనాని, జనులు వీధులలో ఆడు ఆటకు తన గ్రంథములో సగము చోటిచ్చెనన్నమాట. ఏ దేశపు తీరు ఆ దేశమునకు చెల్లునని అంగీకరించుటయే దేశి యను మాటలోని మర్యాద.

ఈ గ్రంథమును తెలుగు చేసినది ఎవరు? మీ మండలమువారే. ఈ కంబదూరు మండలములోని రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. వారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి, అన్నమాచార్యుని సంకీర్తనలకు స్వరములు కూర్చిరి, 1979లో దివంగతులైరి. మీ పొలిమేరలో పుట్టిన పండితుడు ఏడువందల యేండ్లనాటి నృత్తశాస్త్రమును మన నుడిలో మనకు అందించిపోయెను. ఆ విద్యలో నొక పాయ మీ రామమందిరము ముందర, మీ పెద్దల కాళ్ళలో ఇంకను బ్రతికియున్నది. దీనిని మించిన ఆస్తి ఈ ఊరికి మరియొకటి కలదా?

నేటి చిక్కు

వానలు తప్పిన యేడు పడుచువారు బెంగుళూరికి పనులకు పోవుదురు. ఇది మీకు క్రొత్తగా చెప్పవలసిన విషయము కాదు. పదునార్గురున్న కూటమిలో ఐదుగురు పోయిరనుకొనుడు. మిగిలినవారు పదునొకండుగురు. ఐదు జతలు పోగా ఒకడు ఒంటరిగా గోడ ప్రక్కన నిలుచును. మరునాటినుండి అతడు రాడు. ఆ మరునాడు అతని ప్రక్కింటివాడు రాడు. కూటము విరుగుట కోపతాపములవలన కాదు, ఈ లెక్కవలన.

ఇట్టి సమయమున రెండు ఊళ్ళవారు కలిసి ఆడుట తెలివిగల పని. కాని అచటనే రెండవ చిక్కు ఎదురగును. ఒక ఊరివారు నాలుగవ దెబ్బకు తిరుగుదురు, వేరొక ఊరివారు ఎనిమిదవ దెబ్బకు తిరుగుదురు. ఒకరు కుడికాలు ముందు వేయుదురు, మరియొకరు ఎడమకాలు వేయుదురు. మొదటి చరణములోనే కోలలు గాలిలో పోవును, వ్రేళ్ళకు దెబ్బలు తగులును. అప్పుడు “వీరికి ఆట రాదు” అని ఇరువైపులవారును అందురు. నిజమునకు ఇరువురికిని ఆట వచ్చును. ఇరువురి గురువులు వేరు, అంతియే. ఈ తేడాను తప్పుగా నెంచుటవలన కలియవలసిన ఊళ్ళు విడిపోవుచున్నవి.

మరికొందరు ఈ తేడా నసలే లేకుండ చేయ జూచుచున్నారు. చేతి ఫోనులో దూరప్రాంతపు బృందము ఆటను చూచి, అదే పాట, అదే అడుగు, అదే వరుస నేర్చుకొని పోటీలకు పోవుచున్నారు. క్రొత్తది నేర్చుట మంచిదే. స్త్రీలు, బాలికలు ఇన్ని ఊళ్ళలో కోల పట్టుట మిగుల సంతోషింపదగినది. కాని క్రొత్త కోపు వచ్చినదని ఊరి కోపును విడిచినచో, అది మరల దొరకదు. మన గురువులలో పలువురు అక్షరము వ్రాయక నేర్పినవారు. వారితో పోయిన కోపును వెదకి తెచ్చుటకు పుస్తకము లేదు.

చేయదగిన పనులు

కావున మీ ముందు కొన్ని సూచనలు ఉంచుచున్నాము.

మొదటిది. రెండు ఊళ్ళ కూటములు కలిసినపుడు పాట ఎత్తుకొనకముందే మూడు సంగతులు తేల్చుకొనుడు: ఏ కాలు ముందు, ఏ చేతి కోల ముందు, ఎన్నవ దెబ్బకు తిరుగుడు. మద్దెల లేకుండ, పాట లేకుండ, చప్పట్లతో పదిసార్లు ఆడి చూడుడు. పిమ్మట సగము రాత్రి ఒక ఊరి కోపులు, సగము రాత్రి రెండవ ఊరి కోపులు ఆడుడు. ఎవరి తీరును వారు విడువనక్కరలేదు. రెండవ తీరు అదనముగా చేరును.

రెండవది. ప్రతి ఆటగానికి ఉల్‌జట్టు అడుగు, వెల్‌జట్టు అడుగు రెండును నేర్పుడు. ఎవరు ఊరు విడిచిపోయినను మిగిలినవారు ఏ ప్రక్కనైనను నిలువగలరు. ఉగాదికి, శ్రీరామనవమికి ఇల్లు చేరిన పడుచువానికి కూడ ఆ రాత్రియే చోటు దొరకును.

మూడవది. వేరుసెనగ నూర్పిడులు ముగిసి చేతులు ఖాళీయైన కాలమున, వృద్ధ గురువులను కూర్చుండబెట్టి కోపుల పేర్లు, లెక్కలు, పాటలు ఒక నోటుపుస్తకములో వ్రాయింపుడు. బడిలో చదువు పిల్లలకు ఈ పని అప్పగింపుడు. చేతి ఫోనుతో పట్టునపుడు ఊరి పేరు, కోపు పేరు ముందుగా పలికించి పట్టుడు. ఏ ఊరిదో తెలియని కోపు రేపు ఎవరిదియు కాదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. జత కరవైనదని చింతించు కూటమివారు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఊరిలో ఇంతవరకు ఈ వలయములోనికి పిలువబడనివారు ఎవరు? బడికి పోవు బాలికలను పిలిచితిమా? కోడండ్రను పిలిచితిమా? ఊరి చివరి వాడలోని యువకులను పిలిచితిమా? గుడి ముందర భజన జరుగుచుండగా దూరమున నిలిచి చూచి, అడుగులన్నియు కంటితోనే నేర్చుకొన్నవారు మన పల్లెలలో తరతరములుగా నున్నారు. వారి చేతికి కోల ఇచ్చినచో జత కరవు ఆ రాత్రియే తీరును. అంటరానితనమును 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే రద్దు చేసినది. చట్టము చెప్పిన మాటను ఊరు మనసార ఒప్పుకొన్నదని చూపుటకు కోలాటపు వలయము వంటి స్థలము వేరొకటి లేదు. ఏలయన అందులో ఎదుటివాని కోలకు కోల అందింపక ఎవడును ఒక్క దెబ్బయైన ఆడలేడు.

సోదరులారా! వాన మన చేతిలో లేదు. వలస పోవువారిని ఆపుట ఒక్కనాటి పనియును కాదు. ఎవరు ఏ కాలు ముందు వేసినను, ఒక్క నిమిషము ఆగి వారి లెక్కను విని, మన లెక్కను వారికి చెప్పుట మాత్రము మన చేతిలోనే యున్నది. రానున్న ఉగాదినాటికి మీ ఊరి కోపులు పుస్తకమునకు ఎక్కవలెననియు, పొరుగూరి ఉద్దులతో మీ కోలలు కలియవలెననియు, గోడ ప్రక్కన ఒంటరిగా నిలిచినవాడు ఒక్కడైనను ఉండరాదనియు మా కోరిక.

సెలవు.