బహుమతి యను వల



నూజివీడు, గుడివాడ, ఏలూరు, విజయవాడ బాటలు కలిసెడి యీ హనుమాన్ జంక్షనున మన వార్షిక మహాసభ జరుగుచున్నది. పూర్వము దొంగ బాటలో కాచుకొనియుండెడివాడు. నేడు చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నాడు. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పేరు వాడుకొని, మీకు 25 లక్షల లాటరీ తగిలినదని వాట్సాపున వార్త పంపును. పిదప రుసుమనియు, పన్ననియు కొంచెము కొంచెముగా సొమ్ము లాగును.

టిక్కెట్టు కొననివానికి లాటరీ యెట్లు తగులును? 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టము ననుసరించి టిక్కెట్టు రాష్ట్రప్రభుత్వ ముద్రతో నుండవలెను. చీటి తీయవలసినదియు ఆ ప్రభుత్వమే. 10,000 రూపాయలు మించిన బహుమతిపై 30 శాతము పన్నును ఇచ్చువారే మినహాయించుకొని శేషము నిత్తురు. ముందుగా పంపుమని యడుగరు. విదేశపు లాటరీకి సొమ్ము పంపుట మన విదేశమారక నిబంధనలచే నిషిద్ధము.

ధననష్టముకంటె మమ్ము మిక్కిలి బాధించునది మౌనము. పరువు పోవునని భయపడి, మోసపోయినవారు ఇంటివారికి సైతము చెప్పరు. పోయినది రాబట్టుకొను నాశతో అప్పుచేసి మరల పంపుదురు. ఆ భయము మన పరిహాసమువలననే పుట్టుచున్నది. కావున మోసపోయినవానిని మనవారెవ్వరును ఎగతాళి చేయకుందురు గాక! వాని ప్రక్కన కూర్చుండి వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయింపుడు. ఆలస్యము కానిచో సొమ్ము బ్యాంకులోనే నిలుపుదల కావచ్చును; దొంగ దానిని తీసికొన్నపిమ్మట రాబట్టుట దుర్లభము.

ఈ సంఖ్యను ప్రతి యింటను వ్రాసి యుంచుడని ప్రార్థించి విరమించుచున్నాము.