నిద్రించే శిశువుకు తొడుగు దుప్పటి

బైలదిల్లా కొండల చెంతనున్న బచేలిలో, ఇనుప ఖనిజపు గనుల పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో సైతం, శీతాకాలపు రాత్రి పసిబిడ్డపై రగ్గు కప్పి కుల్లాయి తొడగడం ప్రేమతో చేసే జాగ్రత్తే అయినా, వదులు దుప్పటి ముఖంపైకి జారితే దానిని తొలగించుకొనే శక్తి నెలల బిడ్డకు ఉండదు. ఈ ప్రమాదాన్ని తగ్గించేదే తొడుగు దుప్పటి, అనగా మెడకు, చేతులకు మాత్రమే తెరపి ఉండి, కాళ్లవైపు సంచివలె మూసివుండే వస్త్రం.

ఎంపికలో అన్నిటికన్న ముఖ్యమైనది మెడ కొలత. జిప్పు వేసిన తరువాత తల లోపలికి జారేంత వదులుగా గాని, గొంతును ఒత్తేంత బిగువుగా గాని అది ఉండరాదు కనుక, ఎదిగే బిడ్డ కదా అని పెద్ద కొలత కొనడం ఇతర దుస్తులలో పొదుపే అయినా ఇక్కడ అపాయకరం. తలను కప్పే టోపీ భాగం ఉండరాదు. తుంటి కీళ్లు సరిగా ఎదగడానికి కాళ్లు మడిచి పక్కలకు చాపుకొనేంత చోటు ఉండాలి. బరువు పూసలు కుట్టిన రకాలను వాడరాదని అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో స్పష్టంగా సూచించింది.

వస్త్రపు వెచ్చదనాన్ని తెలిపే కొలమానం టాగ్. సాధారణంగా 16 నుండి 20 డిగ్రీల గదికి 2.5 టాగ్, 24 డిగ్రీలు దాటితే 0.5 టాగ్ సరిపోతాయి. చేతులు, పాదాలు కొంత చల్లగా ఉండడం సహజమే గనుక, మెడ వెనుక తాకి చూసి, చెమట ఉంటే ఒక పొర తగ్గించి, శిశువును తిరిగి వెల్లకిలనే పడుకోబెట్టాలి.