రెండు తలల గుడ్డబొమ్మ: కుట్టు వెనక లెక్క



ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. సూది, దారం, కత్తెర, పాత నూలు చీర ముక్కలు, కాస్త దూది చాలు. ఇంట్లో ఉన్న పాపాయికి మనం ఒక బొమ్మ కుట్టబోతున్నాం. ఈ బొమ్మకు కాళ్లుండవు. కాళ్లు ఉండవలసిన చోట తలకిందులుగా ఇంకో తల, ఇంకో జత చేతులు ఉంటాయి. రెండింటికీ నడుము ఒక్కటే. నడుముకు కుట్టిన పావడా ఒక తలను కప్పితే రెండోది కనిపిస్తుంది. బొమ్మను తిరగేసి పావడా దులిపితే దాగినది బయటికి వస్తుంది.

19వ శతాబ్దంలో అమెరికాలో ఇలాంటి బొమ్మలకు ఒకవైపు తెల్ల పిల్ల, రెండోవైపు నల్ల పిల్ల ఉండేవారు. అది బానిసత్వం సాగిన దేశం. ఒకరు కనబడాలంటే మరొకరు పావడా కింద దాగవలసిందే. అలా ఎందుకు కుట్టారో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మనం ఒకవైపు మేలుకున్న పాపను, మరోవైపు నిద్రపోతున్న పాపను పెట్టుకుందాం.

రెండు తలలూ కలిసిన ఆకారాన్ని గుడ్డ మీద గీసి, రెండు ముక్కలు కత్తిరించండి. మేలు వైపులు ఎదురెదురుగా ఉంచి చుట్టూ కుట్టండి. నడుము పక్కన 5 సెంటీమీటర్లు వదిలేసి, దిండు గలీబును తిప్పినట్లు అందులోంచి తిప్పండి. తల గుండ్రంగా రాదు, ముడతలు పడుతుంది. చాలామంది దూది తక్కువైందనుకొని ఇంకా కూరుతారు. కారణం దూది కాదు.

కుట్టుకు బయట 6 మిల్లీమీటర్ల మార్జిన్ వదిలాం కదా. తల వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకోండి. తిప్పకముందు మార్జిన్ అంచు 5.6 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల వృత్తం మీద ఉంది. తిప్పాక అది లోపలికి వెళ్లి 4.4 సెంటీమీటర్ల వృత్తంలో ఇమడాలి. రెండు పరిధుల తేడా సుమారు 7.5 సెంటీమీటర్లు. ఆ మిగులు గుడ్డ పోయే చోటు లేక లోపల మడతలు పడుతుంది. చుట్టుకొలత సూత్రం పరీక్షకే పనికొస్తుందనుకునేవారు ఈ లెక్క స్వయంగా చేసి చూడండి. వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు చేసినా తేడా అదే 7.5! మార్జిన్ మారితేనే అది మారుతుంది. 31 సెంటీమీటర్ల చుట్టులో సర్దుకునే మిగులు 12.5 సెంటీమీటర్ల చుట్టులో ఎలా సర్దుకుంటుంది? చిన్న బొమ్మే కష్టమని దర్జీలు అనేది ఇందుకే.

అందుకే తల చుట్టూ మార్జిన్‌లో చిన్న త్రికోణాలు కత్తిరించి తీసెయ్యాలి. మెడ వంపు లోపలికి ఉంటుంది. అక్కడ తిప్పాక గుడ్డ మిగలదు, చాలదు. కాబట్టి వట్టి గాటు చాలు, అదే విచ్చుకుంటుంది. కత్తెర కుట్టుకు 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి.

దూది కూరి, వదిలిన చోటు దగ్గర కుట్లతో మూసెయ్యండి. పావడాకు రెండు రంగుల గుడ్డలు కావాలి. కింది అంచు దగ్గర వాటిని కలిపి కుట్టి, గొట్టంలా చేసి, మేలు వైపులు రెండూ బయటికి వచ్చేలా మడవండి. పై అంచులు లోపలికి మడిచి, కుచ్చిళ్లు తీసి, నడుముకు కుట్టండి. నడుము నుంచి నడినెత్తికి 15 సెంటీమీటర్లుంటే పావడా పొడవు 18 అయినా ఉండాలి. లేకపోతే దాగిన తల తొంగిచూస్తుంది.

ఇక కళ్లు. గుండీలు, పూసలు వద్దు. దారంతోనే కుట్టండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఒక పరీక్ష ఉంది: ఊడివచ్చే ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. చొక్కా గుండీ అందులో సులువుగా పడిపోతుంది, పాప గొంతులోనూ అంతే. కొన్న బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇంట్లో కుట్టినదాన్ని పరీక్షించేది మీరే. పాపకు ఇచ్చేముందు చేతులు, తలలు, పావడా గట్టిగా లాగి చూడండి. ఒక్క కుట్టు సడలినా దూది బయటికి వస్తుంది. అక్కడ విప్పి మళ్లీ కుట్టండి.