ఎక్కడ వేసిన గొంగడి అక్కడేనా?



సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాడు గొర్రెల గురించి మాట్లాడటం ఏమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రియాద్‌లో ఉద్యోగం చేసేవాళ్ళకి శుక్రవారం సెలవు. పిల్లల్ని తీసుకుని కాస్త పచ్చదనం చూసి వద్దామనుకుంటే దగ్గరలో ఉన్నది అల్ ఖర్జ్. అలా వెళ్ళి వస్తూ నేను చూసినవీ, ఆ తరువాత చదివి తెలుసుకున్నవీ నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని వచ్చాను.

అల్ ఖర్జ్ రియాద్‌కి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. చుట్టూ ఎడారి, నడుమ ఖర్జూరపు తోటలు. ఒకప్పుడు అక్కడ ఐన్ దిలా వంటి లోతైన సహజ జలగుండాలు ఉండేవి. 1930ల చివర రాజు అబ్దుల్ అజీజ్ హయాంలో ఆ నీటిని నమ్ముకునే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మొదలైంది. 1940లలో అమెరికా నుంచి వ్యవసాయ నిపుణులు వచ్చి అక్కడ పని చేశారు. తరువాత మోటార్లతో తోడకం పెరిగి ఆ గుండాలు ఎండిపోయాయి. ఇప్పుడు నీళ్ళంటే లోతు బోర్లే. అల్ మరాయి, అల్ సాఫీ వంటి పెద్ద డెయిరీలు ఉన్నది ఈ ప్రాంతంలోనే. గల్ఫ్‌లో నాలుగేళ్ళు గడిపిన మనవాడెవడూ అక్కడి లబన్ రుచి మరచిపోడు. లబన్ అంటే మన మజ్జిగే లెండి, కాస్త చిక్కగా ఉంటుంది.

నేను చెప్పబోయేది ఆ పెద్ద డెయిరీల గురించి కాదు. అక్కడ ‘మజ్రా’ అని పిలిచే చిన్న చిన్న పొలాలు చాలా ఉన్నాయి. కొన్ని ఖర్జూరపు చెట్లు, పశువుల మేతకి కాస్త గడ్డి, ఒక గొర్రెల దొడ్డి, కాపలాకి ఒక గది. యజమాని వారాంతంలో కుటుంబంతో వస్తాడు. మిగతా రోజులన్నీ ఆ పొలాన్ని నడిపేది పనివాడు. అతను సూడాన్ వాడు కావచ్చు, బంగ్లాదేశ్ వాడు కావచ్చు, చాలాసార్లు మన కరీంనగర్, నిజామాబాద్, కడప, అనంతపురం వాడూ కావచ్చు.

అక్కడ వసంతం కొద్ది రోజుల ముచ్చట. అక్టోబరు, నవంబరు నెలల్లో పడే వానల్ని ‘వస్మ్’ అంటారు. అవి బాగా పడితే ఫిబ్రవరి నాటికి ఇసుక నేల మీద సన్నటి పచ్చిక మొలుస్తుంది. ‘ఫగా’ అని మన పుట్టగొడుగుల జాతిది ఒకటి భూమిలోపల ఊరుతుంది, దాన్ని తవ్వుకోవటానికి జనం ఎడారిలోకి పోతారు. ఖర్జూరపు చెట్టు ఎక్కి మగ చెట్టు పూలరెమ్మల్ని ఆడ చెట్టు గెలల్లో కట్టే పని కూడా ఆ రోజుల్లోనే. ఆ పని చేత్తో చెయ్యకపోతే పంట సరిగా రాదు. ఎండలు ముదరకముందే టమాటా, దోస కాపు తీసుకోవాలి. మనవాడు ఉన్న మజ్రా అయితే గది వెనక వాడిన నీళ్ళు పారే చోట తోటకూర, గోంగూర, ఓ కరివేపాకు మొక్క తప్పక కనిపిస్తాయి. తెలుగువాడి గది ఏదో గుర్తు పట్టటానికి ఇంతకంటె బోర్డు అక్కర్లేదు.

ఏప్రిల్ దాటితే ఎండ మండిపోతుంది. అందుకే వేసవి రాకముందే గొర్రెలకి బొచ్చు కత్తిరిస్తారు. అక్కడి నజ్దీ గొర్రె చూడటానికి అందంగా ఉంటుంది. ఒళ్ళంతా నలుపు, ముఖం మాత్రం తెలుపు, పొడవాటి చెవులు, కొవ్వు పట్టిన తోక. నయీమీ అనే ఇంకో రకం తెల్లగా ఉండి తల గోధుమ రంగులో ఉంటుంది. పండుగకీ విందుకీ ఈ గొర్రెల మాంసానికి ఎంత ధరైనా పెడతారు. ఉన్నిని మాత్రం అడిగేవాడు లేడు. మెరినో ఉన్నిలా మెత్తగా ఉండదు, ముతక. మిల్లుకి పనికిరాదు.

ఒక మజ్రాలో కత్తిరించిన నల్ల ఉన్ని గోడ పక్కన కుప్పగా పడి ఉంది. కాపలా ఉన్న పెద్దాయన కరీంనగర్ వైపు కురుమ. “ఈ ఉన్ని ఏం చేస్తారన్నా?” అని అడిగాను.

“ఏం జేస్తం సారూ, పారబోస్తం. మా అవ్వ జూస్తే నన్ను తిట్టిపోస్తుండె,” అన్నాడు.

మరి టమాటా మొక్కల మొదట్లో పరిచిందేమిటి అంటే, అదీ ఉన్నేనట. యజమాని పారెయ్యమంటే, పారెయ్యటానికి చెయ్యి రాక మొక్కల పాదుల్లో పరిచాడు. ఇందులో శాస్త్రం ఉంది. ఉన్ని నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది, పాదు తొందరగా ఆరదు. మెల్లగా కుళ్ళుతూ నత్రజని ఇస్తుంది. నీటి బొట్టు బొట్టుకీ లెక్క ఉన్న ఆ నేలలో అది చిన్న సంగతి కాదు. ఆ పెద్దాయనకి నత్రజని అనే మాట తెలియదు. మన ఊళ్ళల్లో చేలల్లో గొర్రెల మంద పెట్టించుకుని రైతులు ధాన్యం కొలిచి ఇచ్చేవారు, ఆ మర్మం ఆయనకి తెలుసు.

వాళ్ళ అవ్వ ఎందుకు తిట్టేదో చెప్పాలంటే మన గొంగడి సంగతి చెప్పాలి. రాయలసీమలో కంబళి అంటారు. మన దక్కనీ నల్ల గొర్రె ఏడాదికిచ్చే ఉన్ని కొద్దిపాటిదే. దాన్ని శుభ్రం చేసి, విప్పి, ఆడవాళ్ళు రాట్నం మీద వడికితే, మగవాళ్ళు నేసేవారు. పడుగుకి చింతగింజల గంజి పట్టించటం వల్ల నేత బిగువుగా వస్తుంది. రంగు వెయ్యరు, గొర్రె నలుపే గొంగడి నలుపు. వానకి గొడుగు, చలికి దుప్పటి, పడుకుంటే పక్క, మోసుకుంటే మూట. “ఎక్కడ వేసిన గొంగడి అక్కడే” అనీ, “గొంగడిలో తింటూ వెంట్రుకలు ఏరినట్టు” అనీ రోజుకొకసారైనా అంటాం. మన మాటల్లో గొంగడి ఉంది, మన ఇళ్ళల్లో లేదు.

ఎందుకు లేదంటే, చవక సింతటిక్ దుప్పట్లు వచ్చాయి. ఉన్నికి ధర పోయింది. మాంసం ఎక్కువ వచ్చే నెల్లూరు గొర్రెల రక్తం మందల్లో కలిసింది, వాటికి ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఒక్కొక్క లబ్ధిదారుకి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. అది మాంసం లెక్క మీద పెట్టినది, ఉన్ని దాని లెక్కలో లేదు. ఇలా ఉన్ని విలువ పోయిన చోటు నుంచి మనిషి గల్ఫ్‌కి పోయి, అక్కడా ఉన్ని పారబోస్తున్నాడు.

తమాషా ఏమిటంటే అరబ్బులకీ మన గొంగడి లాంటి విద్య ఉంది. దాని పేరు ‘సదూ’. ఎడారి తెగల ఆడవాళ్ళు గొర్రె ఉన్ని, మేక వెంట్రుకలు, ఒంటె బొచ్చు కదురు మీద వడికి, నేల మీదనే మేకులు పాతి మగ్గం వేసి, జింక కొమ్ముతో పోగులు బిగించి నేస్తారు. గుడారాలు, దిండ్లు, ఒంటె జీనులు అన్నీ ఆ నేతే. అదీ మనదానిలాగే మూలబడింది. అయితే వాళ్ళు ఊరుకోలేదు. 2020లో సౌదీ, కువైట్ కలిసి సదూ నేతను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించాయి. 2025ని సౌదీ ప్రభుత్వం హస్తకళల సంవత్సరంగా ప్రకటించింది. చూసి నేర్చుకోవలసిన సంగతి ఇది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న మాట. నాకు ఇంజనీరింగ్ పట్టా ఉంది కనక నా పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ తనిఖీ లేదు. పదో తరగతి దాటని ఆ పెద్దాయన పాస్‌పోర్టుకి ఆ తనిఖీ ఉంది. కాగితాల్లో ఆయన నైపుణ్యం లేని పనివాడు. తల్లి చచ్చిన పిల్లను ఇంకో గొర్రె మావి నీళ్ళు రుద్ది దాని పొదుగుకి అలవాటు చెయ్యటం ఆయనకి వచ్చు. నడక చూసి ఏ గొర్రె డెక్క చీము పట్టిందో చెపుతాడు. బొచ్చు ముట్టుకుని అది ఏ పనికి వస్తుందో చెపుతాడు. నా ప్రోగ్రాములు అయిదేళ్ళకి పాతబడతాయి. ఆయన విద్య తరాలుగా నడుస్తూ వచ్చింది. నైపుణ్యం లేనివాడు అనే మాట ఎవరికి చెల్లుతుందో మీరే ఆలోచించండి.

ఆ మాట వల్ల నష్టం కూడా ఉంది. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం ఏడవ అధికరణలో పొలం పనివారినీ, గొర్రెల కాపరులనూ పక్కన పెట్టారు. 2021లో ఉద్యోగం మారే వెసులుబాటు ఇచ్చినప్పుడూ కాపరులు అందులో లేరు. ఎడారిలో ఒక్కడే మందతో ఉండే మనిషికి జీతం ఆలస్యమైనా, జబ్బు చేసినా చెప్పుకునేవాడు దూరం. మలయాళంలో బెన్యామిన్ రాసిన ‘ఆడుజీవితం’ నవల, 2024లో వచ్చిన దాని సినిమా చూసినవారికి ఇది కొత్త కాదు. అందరు యజమానులూ అలా ఉండరు. ఈ పెద్దాయన యజమాని మంచివాడే. కాని మంచి యజమాని దొరకటం అదృష్టం మీద నడవకూడదు కదా.

అందుచేత సభకి మూడు విన్నపాలు.

మొదటిది, మీ ఊళ్ళ నుంచి ఎవరైనా గల్ఫ్‌కి బయలుదేరితే, ఈ-మైగ్రేట్‌లో నమోదై వెళ్ళమని చెప్పండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తుంది, ప్రీమియం కొద్ది వందలే. విజిట్ వీసా మీద వెళ్ళి పని చేసే మనిషికి అది వర్తించదు. ఈ ఒక్క మాట ఫోన్‌లో చెప్పటానికి మీకు అయిదు నిమిషాలు పడుతుంది.

రెండవది, ఊరికి వెళ్ళినప్పుడు గొంగడి నేసేవారు మీ జిల్లాలో ఇంకా ఉంటే వెతికి ఒక గొంగడి కొనండి. బేరం ఆడకండి. గుచ్చుకుంటుందని అంటారు, నిజమే, గుచ్చుకుంటుంది. కింద పరచుకోవటానికి దానిని మించినది లేదు.

మూడవది, మన మహాసభల్లో చీరల దుకాణాలు, నగల దుకాణాలు ఎన్నో ఉంటాయి. వచ్చే సభల్లో ఒక మూల ఒక మగ్గం, ఒక రాట్నం పెట్టి, నేసే మనిషిని కళాకారుడిగా పిలిపించి, శాలువా బదులు ఆయన గొంగడితోనే ఆయనను సన్మానిద్దాం. మన పిల్లలు ఆ ఉన్ని ముట్టుకుని చూస్తారు.

ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అంటారు గాని, దాన్ని నేసిన చేతులు అల్ ఖర్జ్ దాకా వచ్చాయి. ఆ చేతుల్లో విద్య ఇంకా ఉంది. ఆ తరం వెళ్ళిపోకముందే దానికి విలువ కట్టగలిగినవాళ్ళం మనమే.