ఉబ్బిన సిరలు - బిగువు మేజోళ్ళు

2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, నేడు తిరుపతి జిల్లాలో చేరియున్న వాకాడు ప్రాంతమున పనిపాటలు చాలవరకు నిలువుకాళ్ళ మీద జరుగునవే. వరినాట్లు వేయు స్త్రీలు, రొయ్యల గుంటల గట్లపై కాపుండువారు, బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయులు, హోటలులో పెనము ముందు నిలుచు వంటవాండ్రు - వీరిలో నడివయస్సు దాటిన పలువురకు ప్రొద్దు గ్రుంకుసరికి కాళ్ళు బరువెక్కును, చీలమండలు వాచును, పిక్కలపై నీలివర్ణపు మెలికలు వానపాములవలె లేచి కనబడును. నరములు ఉబ్బినవని మనవారందురు. ఉబ్బినవి నరములు కావు, సిరలు.

గుండె నుండి పాదములకు రక్తమును తెచ్చునవి ధమనులు. తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. దిగివచ్చుట సులభము, ఎక్కిపోవుటయే కష్టము. కదలక నిలుచున్న మనిషి చీలమండ వద్ద సిరలలోని ఒత్తిడి సుమారు 80, 90 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. ఆ రక్తమును పైకి తోడునది పిక్క కండ. అడుగు వేసినప్పుడెల్ల అది బిగిసి సిరలను పిండును. ఎక్కిన రక్తము మరల జారకుండ సిరల లోపల చిన్న కవాటములు మూసికొనును. విలియం హార్వే 1628లో రక్తప్రసరణ సిద్ధాంతమును ప్రకటించినపుడు ఈ కవాటములనే ఒక ముఖ్య నిదర్శనముగా చూపెను. గంటల తరబడి నిలిచియుండు మనిషి పిక్క, ఎద్దులు నిలిచిపోయిన మోట వంటిది. కవాటములు సడలినచో ఎక్కిన రక్తము కారుచున్న తూమునుండి వలె వెనుకకు వచ్చును. గర్భధారణము, వంశపు లక్షణము, స్థూలకాయము ఇందుకు తోడగును. క్రమముగా చీలమండ లోపలి వైపున చర్మము నల్లబడి, దురద పుట్టి, నెలల తరబడి మానని పుండు పడవచ్చును.

కాలిని బయటినుండి బిగించిన మేలు కలుగునని వైద్యులు ఎన్నడో గ్రహించిరి. ఇంగ్లండులో రిచర్డ్ వైజ్‌మన్ అను శస్త్రవైద్యుడు 1676లో ప్రకటించిన గ్రంథమున దారముతో బిగించు మేజోటిని వర్ణించెను. నేటి మేజోళ్ళ కథ మరింత చిత్రమైనది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కాన్రాడ్ జోబ్‌స్ట్ అను ఇంజనీరు సిరల వ్యాధితో బాధపడుచు, ఈతకొలనులో నిలిచినపుడు బాధ తగ్గుట గమనించెను. నీరు లోతైనకొలది ఎక్కువగా ఒత్తును గదా! మీటరు లోతున ఆ ఒత్తిడి 70 మిల్లీమీటర్ల పాదరసమునకు పైమాటే. చీలమండ వద్ద అధికముగను, పైకి పోవుకొలది తక్కువగను ఒత్తునట్టి మేజోళ్ళను ఆయన 1950 ప్రాంతమున రూపొందించెను. తూపిలిపాళెము కడలిలో మొలలోతున నిలిచినను కాలికి అట్టి ఒత్తిడియే దొరకును. కాని అలలు వైద్యుని మాట వినవు. నాటుమడిలోని చీలమండలోతు నీరైతే ఇందుకు చాలదు.

ఇక్కడ ఒక ప్రమాదము కలదు. రక్తము తిరిగి పోలేని కాలికి మేజోడు మేలు చేయును. రక్తము రాలేని కాలికి, అనగా ధమనులు పూడిన కాలికి, అదే మేజోడు ఉన్న కాస్త రక్తమును అడ్డగించి వ్రేళ్ళు కుళ్ళునంతటి హాని చేయగలదు. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటు గలవారును, మధుమేహ రోగులును మొదట అనుమానింపవలసినది దీనినే. కొంతదూరము నడువగనే పిక్క పట్టివేసి, నిలువగనే తగ్గుట, పాదము చల్లబడుట దీని లక్షణములు. వైద్యుడు పాదముపై నాడి చూచి, చీలమండ వద్దను చేతి వద్దను రక్తపు పోటును కొలిచి పోల్చును. చీలమండ పోటు చేతి పోటులో సగమునకు తక్కువైనచో ఈ మేజోళ్ళు పనికిరావు. మధుమేహము గలవారిలో ఈ కొలత ఒక్కొక్కప్పుడు మోసగించును గనుక వారికి వేరు పరీక్షలును అవసరము. పొరుగువారికి గుణమిచ్చినదని విని మందుల అంగడిలో ఒక జత అడిగి తెచ్చుకొనుట మంచిది కాదు.

పరీక్షయైన పిదప, వాపు లేని ఉదయవేళ చీలమండను, పిక్కను టేపుతో కొలిపించి, వైద్యుడు చెప్పిన ఒత్తిడి గలదానినే కొనవలెను. 20 మొదలు 30 మిల్లీమీటర్ల ఒత్తిడి గలవి తరచుగా వ్రాయుదురు. ప్రొద్దున మంచము దిగకమునుపే తొడిగి, రాత్రి పండుకొనునపుడు తీయవలెను. ముడతలు పడనీయరాదు, పైఅంచు మడిచినచో అది కాలికి త్రాడు బిగించినట్లే. వైశాఖ మాసపు ఉక్కలో, ఉప్పుగాలిలో ఇది తొడుగుట శిక్షవలె తోచునన్న మాట నిజమే. అట్టివారు మోకాలి క్రిందికి మాత్రమే వచ్చు రకమును అడుగవచ్చును. బురదలో దిగి నాట్లు వేయువారికి పనివేళ ఇది సాధ్యము కాదు. నడుమ నడుమ గట్టెక్కి నాలుగడుగులు నడచుట, ఇంటికి వచ్చి కాళ్ళను గుండెకంటె ఎత్తున దిండ్లపై చాచుకొనుట వారికి ఉపకరించును. మేజోడు సడలిన కవాటమును బాగుచేయజాలదు. ఆ పని కోరువారికి లేసరుతోగాని, శస్త్రచికిత్సతోగాని చెడిన సిరను మూసివేయు పద్ధతులు కలవు.

కోస్తాలో బోదకాలును కూడ ఇదే జబ్బుగా పొరబడువారున్నారు. అది దోమకాటు వలన వచ్చు క్రిముల వ్యాధి. అందు ప్రతిదినము కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులను తడిలేకుండ తుడుచుటయే మొదటి చికిత్స; కట్టు సంగతి తరువాత. ఒక్క కాలు మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినచో సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. దానిని పిసుకక, నూనె మర్దించక, ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. ఊపిరి కూడ ఆడనిచో క్షణమైన ఆలస్యము కూడదు.

మేజోళ్ళను చల్లని నీటిలో ఉతికి నీడలో ఆరవేయవలెను. సుమారు ఆరు నెలలకు సాగుదల నశించును. తేలికగా తొడుగుటకు వచ్చుచున్నదని సంతసించిననాడే క్రొత్త జత కొనవలసిన నాడు.